సెల్స్ మింగే బొమ్మలు

కొత్త సెల్స్ వేసిన మూడో రోజుకే బొమ్మ మూగబోతుంది. తిట్లన్నీ సెల్స్‌కి పడతాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో మీటరు పెట్టి చూస్తే మాత్రం దోషి వేరే చోట దొరుకుతాడు.

శనివారం సాయంత్రం ఎస్పీ రోడ్డులో మనిషికి మనిషి తగలకుండా నడవడం కష్టం. టౌన్‌హాల్‌కి దగ్గర్లో, సదర్ పాత్రప్ప పేరు పెట్టుకున్న ఈ ఇరుకు వీధిలో దొరకని ఎలక్ట్రానిక్ సామాను అరుదు. ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టుల కోసం, మెకానిక్‌లు స్పేర్ల కోసం వస్తారు. వాళ్ల మధ్యలో ఒక్కోసారి, పిల్లల బొమ్మ చేత్తో పట్టుకుని ఎవర్ని అడగాలో తెలియక నిలబడ్డ తండ్రి కూడా కనిపిస్తాడు.

అలాంటి ఒకాయన కౌంటరు మీద చేతిలో పట్టుకుని ఆడే వీడియోగేము పెట్టాడు. పక్కనే మూడు పెన్సిల్ సెల్స్. "అన్నా, బుధవారం వేశాను కొత్తవి. ఇవాళ ఆన్ కూడా అవట్లేదు. డూప్లికేటువి అంటగట్టారేమో చూడు."

కొట్టాయనది పలమనేరు వైపు. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ... వచ్చిన గిరాకీని బట్టి భాష. మీటరు తీసి ఒక్కో సెల్‌కి రెండు మొనలూ ఆనించాడు. మూడూ 1.3 వోల్టుల పైనే చూపించాయి. "ఉన్నాయి కదా సార్" అన్నాడు. తర్వాత అవే సెల్స్ బొమ్మలో పెట్టి, మూత వేయకుండా, మీటరు మొనలు ఒక సెల్‌కి ఆనించే ఉంచి, బటన్ నొక్కాడు. తెర ఒక్క క్షణం వెలిగింది. స్పీకరు కీచుమంది. మీటరులో అంకె 0.9కి జారింది, తెర ఆరిపోయింది. వేలు తీయగానే అంకె మళ్లీ మెల్లగా పైకెక్కింది.

"సెల్ చావలేదు సార్. మీ బొమ్మ అడిగినంత ఇవ్వలేకపోతా ఉంది, అంతే. ఇంటికి తీసుకుపోయి గోడ గడియారంలో వేసుకోండి, ఉగాది దాకా నడుస్తాది."

ఆ మాటలో కొత్తేమీ లేదు. బొమ్మలో అయిపోయిన సెల్‌ని టీవీ రిమోట్‌కి, రిమోట్‌లో అయిపోయినదాన్ని గడియారానికి బదిలీ చేయడం మన ఇళ్లల్లో అమ్మలకీ అమ్మమ్మలకీ ఎప్పటినుంచో తెలిసిన విద్య. అది పిసినారితనం కాదు, అచ్చమైన ఎలక్ట్రో కెమిస్ట్రీ. వాడేకొద్దీ సెల్‌లో మిగిలిన శక్తి తగ్గడమే కాదు, ఆ శక్తి బయటికి రాకుండా అడ్డుపడే లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. ట్యాంకులో నీళ్లున్నా పైపు పూడుకుపోతే ధార సన్నబడినట్టు, సెల్‌లో సరుకున్నా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి కూలిపోతుంది. గోడ గడియారం సగటున లాగేది మిల్లీ ఆంపియర్‌లో పదో వంతుకు అటూ ఇటూ. చిన్న మోటారున్న బొమ్మ మూడు నాలుగు వందల మిల్లీ ఆంపియర్లు లాగేస్తుంది. గోడకు గుద్దుకుని చక్రాలు ఆగిపోయి మోటారు గింజుకుంటున్నప్పుడైతే ఇంకా ఎక్కువ. మూడు వేల రెట్లు తేడా ఉన్న రెండు పనులకి ఒకే సెల్ కొంటాం, రెంటికీ ఒకేలా రావాలనుకుంటాం.

అందుకే "ఏ కంపెనీ సెల్ మంచిది?" అని అడిగే ముందు "ఏ రకం సెల్?" అని అడగాలి. కిరాణా కొట్లో దండలా వేలాడే చవక సెల్స్ జింక్ కార్బన్ రకం. నెమ్మదిగా వాడితే పెన్సిల్ సెల్ ఒక్కోటి వెయ్యి మిల్లీ ఆంపియర్ అవర్ల వరకూ ఇవ్వొచ్చు. మోటారుకి కట్టేస్తే అందులో సగం వచ్చినా గొప్పే. మూడు నాలుగు రెట్లు ధర పలికే ఆల్కలైన్ సెల్ నెమ్మదిగా వాడితే రెండు వేల నుంచి రెండు వేల ఎనిమిది వందల దాకా ఇస్తుంది, మోటారు కింద కూడా అంత తేలిగ్గా చతికిలబడదు. గడియారానికీ రిమోట్‌కీ చవకది చాలు. పరిగెత్తే కారుకి, పాడే బొమ్మకి, తెర వెలిగే వీడియోగేముకి చవకదే ఖరీదు. సెల్ ధర చూసి కాకుండా ఆడిన గంటకి ఎంత పడిందో లెక్కేసుకుంటే ఈ సంగతి మొదటి నెల్లోనే బయటపడుతుంది.

చవక సెల్‌ని మరీ చులకన చేయడానికి మాత్రం నాకు నోరు రాదు. తొంభైల నాటి మన ఊళ్లలో టార్చిలైటూ ట్రాన్సిస్టరూ బతికింది దాని మీదే. అయిపోయిన పెద్ద సెల్‌ని రాయితో పగలగొట్టి, మధ్యలో ఉండే నల్ల కడ్డీని లాగి గోడల మీద రాతలు రాసిన తరం మనది. ఆ కడ్డీలు చేసే ప్యానసోనిక్ కార్బన్ ఫ్యాక్టరీ ఉన్నది అప్పటి నెల్లూరు జిల్లా తడలోనే. సెల్స్‌ని మధ్యాహ్నం ఎండలో పెట్టి సాయంత్రం మళ్లీ వేస్తే ఇంకో పాట పాడటం కూడా గుర్తుండే ఉంటుంది. అదీ మంత్రం కాదు. వేడికి లోపలి చర్య కాస్త జోరందుకుంటుంది. విశ్రాంతి దొరికితే కడ్డీ చుట్టూ పేరుకున్న రసాయనాలు సర్దుకుంటాయి. కొత్త శక్తేమీ పుట్టదు, మిగిలిందే ఇంకొంచెం బయటికి వస్తుంది. ఆల్కలైన్ సెల్స్‌తో ఆ ఆట ఆడకండి, వేడికి కారతాయి.

ఆకలి తక్కువ బొమ్మ

బొమ్మ ఎంత తింటుందన్నది దాన్ని గీసిన ఇంజినీరు బల్ల మీదే తేలిపోతుంది. దీనికి చరిత్రలో అందమైన సాక్ష్యం ఉంది. జపాన్‌లో నింటెండో ఇంజినీరు గున్‌పే యొకోయి రైల్లో విసుగ్గా కాలిక్యులేటరు నొక్కుకుంటున్న ఒక ఉద్యోగిని చూసి, అదే తెర మీద ఆట పెడితే ఎలా ఉంటుందని ఆలోచించాడంటారు. అలా 1980లో గేమ్ అండ్ వాచ్ వచ్చింది. బటన్ సెల్స్‌తో నడిచే బుల్లి ఆట అది. ఆయన బృందమే 1989లో గేమ్ బాయ్ తెచ్చింది. రంగుల్లేవు, తెర వెనక లైటు లేదు, చీకట్లో ఆడలేం. కానీ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పదిహేను గంటల పైనే నడిచేది. మరుసటి ఏడాది సెగా కంపెనీ గేమ్ గేర్ దింపింది. రంగుల తెర, వెనకాల చిన్న ట్యూబులైటు, చూడముచ్చటగా ఉండేది. ఆరు సెల్స్ వేస్తే మూడు నుంచి అయిదు గంటలు. అమ్మకాల్లో ఎవరు గెలిచారో లోకానికి తెలుసు. పాతబడి చవకైన టెక్నాలజీనే కొత్త పనికి వాడాలన్నది యొకోయి నమ్మకం. పిల్లల జేబులకి ఆ నమ్మకం బాగా కలిసొచ్చింది.

మన ఊళ్లలోకి గేమ్ బాయ్ పెద్దగా రాలేదు, బ్రిక్ గేమ్ వచ్చింది. తిరునాళ్లలో, బస్టాండు దుకాణాల్లో దొరికిన ఆ బూడిదరంగు డబ్బా రెండు పెన్సిల్ సెల్స్‌తో వేసవి సెలవుల్లో చాలా రోజులు లాగించేది. అందులో తెర కాలిక్యులేటరు తెరకి తమ్ముడే. కాంతి పుట్టించదు, మీద పడ్డ కాంతిని ఆపి నల్ల గడులు చూపిస్తుందంతే. సెల్ ఖర్చులో పెద్ద వాటా ఆ టింగుటింగు శబ్దానిదే. ఇవాళ అదే ఆట రంగుల తెర మీద, వెనకాల ఎల్‌ఈడీలతో, సంగీతంతో వస్తోంది. ఆట మారలేదు, తిండి మారింది.

ఈ కథలో బెంగళూరుకి ఒక దొడ్డిదారి చుట్టరికం కూడా ఉంది. చిప్‌తో మాట్లాడే బొమ్మల్లో ఆద్యుల వరసలో నిలిచేది 1978 నాటి స్పీక్ అండ్ స్పెల్. పిడి పట్టుకుని మోసుకెళ్లే ఎర్ర డబ్బా. ఇంగ్లీషు మాట పలికి స్పెల్లింగ్ అడిగేది. మనిషి గొంతుని ఒక్క చిప్‌లో పలికించడం అప్పట్లో పెద్ద ఘనకార్యం. కానీ ఆ గొంతుకీ, వెలిగే పచ్చ అక్షరాలకీ కలిపి పెన్సిల్ సెల్స్ సరిపోలేదు, నాలుగు లావుపాటి సెల్స్ వేయాల్సి వచ్చేది. దాన్ని చేసిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరులో పరిశోధన కేంద్రం తెరిచింది. ఉపగ్రహ యాంటెన్నాని ఎద్దులబండి మీద తెచ్చుకున్న కథ అప్పటిదే. ఆ కంపెనీయే తర్వాత అమ్మిన ఎంఎస్‌పీ430 లాంటి చిప్‌లు నిద్రావస్థలో ఒక మైక్రో ఆంపియర్‌కు అటూ ఇటూ మాత్రమే లాగుతాయి. అలా ఏడాది పొడుగునా నిద్రపోతే అయ్యే ఖర్చు తొమ్మిది మిల్లీ ఆంపియర్ అవర్లు. ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లో అరశాతం కూడా కాదు.

నిద్రలో తినేవి

ఇప్పుడు చవక బొమ్మల సంగతికి వద్దాం. వాటిలో పెద్ద దొంగ మోటారు కాదు. మోటారు కళ్లెదుటే తింటుంది. రాత్రి అల్మరాలో పడుకుని తినేది వేరే ఉంది.

పాత బొమ్మల్లో అటూ ఇటూ జరిపే స్విచ్ ఉండేది. ఆఫ్ చేస్తే సెల్‌కీ బొమ్మకీ సంబంధం తెగిపోయేది. ఇప్పటి చాలా బొమ్మల్లో మెత్తటి బటన్ ఒకటే. నొక్కితే లేస్తుంది, మళ్లీ నొక్కితే ఆరినట్టు కనిపిస్తుంది. నిజానికి లోపలి చిప్ ఆరదు. మళ్లీ ఎవరైనా నొక్కుతారేమోనని కాచుకుని ఉంటుంది. రిమోట్ సిగ్నల్ కోసం చెవి ఒగ్గే బొమ్మలు, బ్లూటూత్ బొమ్మలు, చప్పట్లు కొడితే పలికే కుక్కపిల్లలు, తాకితే ఏడ్చే పాపలు... అన్నీ ఈ కోవే. మంచి చిప్ వేసి ఒద్దికగా ప్రోగ్రాం రాస్తే ఈ కాపలా ఖర్చు లెక్కలోకి రాదు. అలా చేయనివాటిలో ఒక మిల్లీ ఆంపియర్ లాగితే చాలు. రోజుకి ఇరవై నాలుగు, నెలకి ఏడు వందల ఇరవై మిల్లీ ఆంపియర్ అవర్లు. అంటే జింక్ కార్బన్ సెల్స్ ఒక జత, బొమ్మ ఒక్కసారి కూడా ఆడకుండానే, నెల తిరిగేసరికి దాదాపు ఖాళీ. "నెల నుంచి ముట్టుకోనే లేదు, అయినా అయిపోయాయి" అనే తల్లిదండ్రులు అబద్ధం చెప్పడం లేదు.

అనుమానం ఉంటే తేల్చుకోవడం కష్టం కాదు. మీటరుని కరెంటు కొలిచే మీటకి మార్చి, సెల్‌కీ స్ప్రింగుకీ మధ్య కాగితం ముక్క పెట్టి, మీటరు మొన ఒకటి సెల్‌కి, రెండోది స్ప్రింగుకి ఆనించి, బొమ్మని ఆఫ్‌లో ఉంచి చూడాలి. అంకె మైక్రో ఆంపియర్లలో ఉంటే బొమ్మ మంచిదే. మిల్లీ ఆంపియర్లలోకి వచ్చిందంటే దొంగ దొరికినట్టే. వైద్యం కూడా చవకే. సెల్స్ నుంచి బోర్డుకి వెళ్లే ఎర్ర వైరుని తెంచి మధ్యలో నిజమైన స్విచ్ ఒకటి అతికిస్తే సరి. ఎస్పీ రోడ్డులో అలాంటి స్విచ్‌లు చిల్లరకే దొరుకుతాయి. సోల్డరింగ్ చేతకానివాళ్లు ఆట అయ్యాక ఒక సెల్ తీసి పక్కన పెట్టినా అంతే ఫలితం. కాకపోతే సెల్స్ మూతకి స్క్రూ ఉంటుంది, ఆ స్క్రూడ్రైవర్ అవసరమైనప్పుడు ఇంట్లో ఎప్పుడూ కనిపించదు.

ఇక స్ప్రింగుల విషయం. నూటికి ఎన్నో చెప్పలేను గానీ, "సెల్స్ తినేస్తోంది" అని వచ్చే బొమ్మల్లో కొన్నింటి రోగం మూత తీయగానే కంటికి కనిపిస్తుంది. స్ప్రింగు కొస మీద తెల్లటి పొడో, పచ్చటి చిలుమో ఉంటుంది. ఎప్పుడో కారిన సెల్ జ్ఞాపకం అది. అక్కడ అర ఓమ్ నిరోధం చేరిందనుకోండి, అర ఆంపియర్ లాగే బొమ్మకి పావు వోల్టు అక్కడే పోయినట్టు. బొమ్మకి అందేది తక్కువ, కాబట్టి సగం మిగిలిన సెల్స్‌నే "అయిపోయాయి" అని పారేస్తాం. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చే తెల్లపొడి క్షారం. దూది పుల్లకి నిమ్మరసమో వెనిగరో ఒక్క చుక్క అద్ది రుద్దితే బుసబుసమని కరుగుతుంది. తర్వాత తడి బట్టతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పెన్సిల్ రబ్బరుతోనో సన్నటి గరుకు కాగితంతోనో మెరిసేదాకా గీకాలి. ఈ పని పిల్లలతో చేయించొద్దు, ఆ పొడి చర్మాన్నీ కళ్లనీ మండిస్తుంది. పాత సెల్‌నీ కొత్త సెల్‌నీ కలిపి వేయడం సెల్స్ కారడానికి రాచబాట. బలమైనవి కలిసి బలహీనమైనదాన్ని ఖాళీ అయ్యాక కూడా తోస్తూనే ఉంటాయి, అది తిరగబడి పగులుతుంది. మారిస్తే అన్నీ ఒకేసారి, ఒకే రకం.

చార్జింగ్ సెల్స్: నిజాలూ కోతలూ

రోజూ ఆడే బొమ్మకి నా ఓటు నికెల్ మెటల్ హైడ్రైడ్ చార్జింగ్ సెల్స్‌కే. "అవి 1.2 వోల్టులే కదా, బొమ్మకి చాలుతుందా?" అన్నది ప్రతి కొట్లోనూ వినిపించే అనుమానం. ఆల్కలైన్ సెల్ కూడా పని మొదలెట్టిన కాసేపటికే 1.2కి దిగుతుంది, అక్కడినుంచి జారుతూనే ఉంటుంది. నికెల్ సెల్ 1.2 దగ్గర గట్టిగా నిలబడి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. పైగా దాని లోపలి నిరోధం తక్కువ, మోటారుకి బెదరదు. వందలసార్లు చార్జ్ చేయొచ్చు. పాత రకాలకి ఊరికే ఉంచినా నెలల్లోనే చార్జ్ చాలా భాగం తరిగిపోయే జబ్బుండేది. 2005లో సాన్యో తెచ్చిన ఎనిలూప్ దాన్ని నయం చేసింది, ఏడాది తర్వాత కూడా ఎనభై అయిదు శాతం మిగిలేది. ఇప్పుడు ఆ తరహావి మరికొన్ని కంపెనీలవీ దొరుకుతున్నాయి. అట్ట మీద "ముందే చార్జ్ చేసినవి" అని ఉందేమో చూసి కొనండి.

రిమోట్ కార్ల కథ వేరు. చాలావాటిలో 4.8 వోల్టుల నికెల్ కాడ్మియం ప్యాకు, 700 మిల్లీ ఆంపియర్ అవర్లది. వెంట వచ్చే చార్జర్ 250 మిల్లీ ఆంపియర్లది. లెక్క ప్రకారం మూడు నాలుగు గంటలు చాలు. కానీ ఆ చార్జర్లలో అధిక భాగానికి నిండాక ఆగడం తెలియదు. రాత్రంతా పెట్టేస్తే ప్యాకు వేడెక్కి నెలల్లోనే సత్తువ కోల్పోతుంది. ఫోన్‌లో అలారం పెట్టుకుని తీయడమే మందు.

లిథియం సెల్స్ దగ్గరికొస్తే కోతలు కోటలు దాటతాయి. 18650 అనే వేలెడు లావు సెల్ మీద 9,800 మిల్లీ ఆంపియర్ అవర్లని అచ్చేసి అమ్ముతుంటారు. ఆ సైజులో ప్రపంచంలో ఎవరు చేసినా మూడున్నర వేలకు మించి పెద్దగా రాదు. అంతకన్నా ప్రమాదం, పెన్సిల్ సెల్ ఆకారంలోనే ఉండే 14500 అనే లిథియం సెల్. దాని వోల్టేజి 3.7. మూడు వేస్తే నాలుగున్నర వోల్టుల బొమ్మకి పదకొండు పోసినట్టు. బోర్డు మాడుతుంది, ఒక్కోసారి మంటే రావొచ్చు. లోపల లిథియం బ్యాటరీ బిగించి వచ్చే బొమ్మల్ని పూర్తిగా ఖాళీ చేసి అటకెక్కించకండి. సగం చార్జ్‌తో దాచండి. బెంగళూరు చల్లదనం వాటికి బాగానే పడుతుంది గానీ, సెలవులకి విజయవాడ వెళ్తూ ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే అవి ముసలితనాన్ని ముందే తెచ్చుకుంటాయి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కడం, మళ్లీ చార్జికి పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇంత గొడవెందుకు, అరవై కిలోమీటర్ల దూరంలోనే చన్నపట్న ఉంది, మనకి కొండపల్లి, ఏటికొప్పాక ఉన్నాయి, చెక్కబొమ్మలు కొనిపెట్టమని సలహా ఇవ్వడం తేలిక. ఆరేళ్లవాడితో ఆ మాట చెప్పి చూడండి!

బొమ్మలు సెల్స్ మింగితే డబ్బులే పోతాయి. పిల్లలు మింగితే వేరు. బటన్ సెల్, అందులోనూ నాణెమంత లిథియం సెల్, గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చడం మొదలెడుతుంది. బొమ్మ నడపలేనంత "అయిపోయిన" సెల్‌కి కూడా అంత పని చేసే శక్తి మిగిలి ఉంటుంది. మింగాడన్న అనుమానం వచ్చినా, బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఆగకుండా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇందాక విసుక్కున్న సెల్స్ మూత స్క్రూ ఉన్నది అందుకే.

అయిపోయినవాటిని ఇంటి చెత్తలో కలపకూడదు. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడకందారుడి మీద పెట్టిన బాధ్యత అది. ఆ విషయంలో బెంగళూరువాసికి సాకు తక్కువ. ఊరికి దగ్గర్లోని దాబస్‌పేటలో ఈ-పరిసర అనే ఈ-వ్యర్థాల శుద్ధి కేంద్రం 2005 నుంచే ఉంది.

పారేసే ముందు బాగుచేసి చూద్దామనేవాళ్లకి ఇంకో దారి ఉంది. పూర్ణా సర్కార్, అంతరా ముఖర్జీ 2015లో మొదలుపెట్టిన రిపేర్ కెఫే బెంగళూరు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన ఆలోచనకి ఇది ఇక్కడి రూపం. పేటల్లో వర్క్‌షాపులు పెడతారు. పాడైన సామాను మనమే తీసుకెళ్లి, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని, విప్పి బాగుచేసుకోవడం నేర్చుకోవాలి. ఒక్కసారి బొమ్మ విప్పి లోపల చూసిన పిల్లలు సెల్స్ అయిపోయాయని ఊరికే ఏడవరు, ముందు స్ప్రింగు చూస్తారు.

ఇవన్నీ కొన్నాక చేసే వైద్యాలు. బొమ్మ ఎంత తింటుందో కొనేముందు తెలుసుకునే దారి మాత్రం లేదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కరెంటు బొమ్మలకి వర్తించే ప్రమాణం ఐఎస్ 15644. అది చూసేది భద్రత. షాక్ కొట్టదా, వేడెక్కదా, సెల్ పిల్లల చేతికి చిక్కదా అన్నవి. మంచిదే. కానీ ఎంతసేపు ఆడుతుందన్నది దాని పని కాదు. ఫ్రిజ్‌కీ ఏసీకీ 2006లో మొదలైన స్టార్ల పథకం ఉంది; రెండు నక్షత్రాలకీ అయిదుకీ తేడా చూసి కొంటున్నాం. బొమ్మ డబ్బా మీద ఉండేది ఒక్కటే ముక్క: "మూడు సెల్స్ కావాలి, డబ్బాలో లేవు." ఆడేటప్పుడు ఎన్ని మిల్లీ ఆంపియర్లు, ఆఫ్‌లో ఉన్నప్పుడు ఎన్ని అని ఇంకో రెండు అంకెలు దాని పక్కనే అచ్చేయమని అడగొచ్చు. తయారుచేసినవాళ్లకి అవి ఎలాగూ తెలిసే ఉండాలి. లేదూ తెలియదంటే, కొలవడానికి పలమనేరు ఆయన కౌంటరు మీద మీటరుంది, అయిదు నిమిషాల పని.